అనుభవం గడిలో పదేళ్లు

మొన్న పనిబడి సూరత్‌లోని పాండేసర వైపు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు మా పాత గల్లీ మూల మీద ఆటో ఆపించాను. గల్లీ అలాగే ఉంది. అదే ఇరుకు, తలకు తగిలేంత కిందికి వేలాడే తీగలు, రంగుల మిల్లుల నుంచి గాలి మోసుకొచ్చే ఉడుకు వాసన. కాంతి సేఠ్ ఖాతా మాత్రం సగమే మిగిలింది. ఖాతా అంటే సూరత్‌లో సాంచాలు నడిచే షెడ్డు. సాంచా అంటే మా వాళ్ల మాటలో మరమగ్గం. ఈ రెండు మాటలూ లేకుండా మా ఇంటి సంగతి చెప్పడం నాకు చేతకాదు. పైరేకులు విప్పేశారు. సాంచాలను గొలుసులతో లేపి తుక్కు లారీలోకి ఎక్కిస్తున్నారు. అక్కడ ఇళ్లు కడతారట. చూస్తుంటే దిగులు వస్తుందనుకున్నాను, రాలేదు. నాకు దిగులు కంటే ముందు కోపం వస్తుంది, అది పుట్టుకతో వచ్చిన గుణం. ఇంత కాలం మా తిండినీ నిద్రనూ మాటతీరునూ ఏలింది ఈ తుప్పు ఇనుమా అనిపించింది. ఇంటికి వచ్చి టీ పెట్టుకుంటుంటే, ఆ సాంచాలు ఆగి మళ్లీ మొదలైన కరోనా కాలం, అప్పుడు నేను పంపిన బయోడేటా ఒకటి, దానితో మా గల్లీలో లేచిన గొడవా వరసగా గుర్తుకు వచ్చాయి.

మా ఖోలీ, అంటే మేముండే ఒంటి గది, ఖాతాకు ఆనుకునే ఉండేది. గోడ అవతల సాంచాలు, ఇవతల మేము. మా నాన్నను బాపు అంటాం. ఆయన పన్నెండు గంటల షిఫ్టు, ఖాతా మాటలో పాళీ, చేసి వచ్చేవాడు. నూలు దుమ్ముతో కనుబొమలు తెల్లబడి, చెవుల్లో దూది ఉండలతో వచ్చేవాడు. ఆ దూది తీసినా ఆయనకు సగమే వినపడేది. సాంచాల మధ్య మాట వినపడదు కాబట్టి ఖాతాలో అందరూ చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటారు. బాపు ఆ అలవాటును ఇంటికీ తెచ్చాడు. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లు, రెండు వేళ్లు తిప్పితే రేడియో పెట్టమని, అరచేయి బోర్లిస్తే ఇక చాలు ఊరుకోమని. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వాడిన సైగ ఆ మూడోదే, అదీ నా మీదే. అవ్వ, అంటే మా అమ్మ, సర్వపిండి చేసే రోజు మాత్రం బాపు నోరు తెరిచి మాట్లాడేవాడు. పిండిలో నువ్వులు తక్కువయ్యాయనో, అడుగు ఇంకొంచెం ఎర్రగా కాలాలనో ఏదో ఒక వంక పెడితే తప్ప ఆయనకు తిన్నట్టుండేది కాదు. అవ్వ “గిట్ల వంకలు వెట్టేటోనికి ఒక్కటి ఎక్కువనే పోతది లోపలికి” అని ఇంకో ముక్క వేసేది.

అవ్వ బోబిన్లు చుట్టేది. నేతలో అడ్డంగా పోయే దారాన్ని బోబిన్ల మీద చుట్టి సాంచాకు అందించే పని అది. ఖాతాలో ఒక మూల ఆడవాళ్లంతా వరసగా కూర్చుని చేసేవాళ్లు. ఆమె చూపుడువేలికి ఎప్పుడూ పాత చీర పేలిక చుట్టి ఉండేది, పాలిస్టర్ దారం సన్నగా కోస్తుంది మరి. కొంగు ముక్కుకూ నోటికీ బిగించి కట్టుకునేది. తర్వాత లోకమంతా మాస్కులు కట్టుకున్నప్పుడు అవ్వ నవ్వి, “మాకు గిదేం కొత్త” అన్నది. నాకు పన్నెండేళ్లు నిండేసరికి బడి వదలగానే నేనూ ఆ మూలకే చేరేదాన్ని. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. ఖోలీలో ఒంటరిగా ఉండటం కంటే అవ్వ పక్కన కూర్చోవడం మేలు. కూర్చున్నాక చేతులు ఊరికే ఉండవు. మొదట తెగిన దారాలకు ముడులు వేశాను, తర్వాత బోబిన్లు చుట్టాను, ఇంకా తర్వాత నేసిన గుడ్డను బల్ల మీద పరిచి మచ్చలూ తెగిన పోగులూ వెతికాను. నేను చుట్టినవి అవ్వ బుట్టలోనే పడేవి. సేఠ్ అటువైపు వస్తే నాకో బిస్కెట్ పుడ ఇచ్చి తల నిమిరి పోయేవాడు. అలా చదువు ఒక పక్క, బోబిన్లు ఒక పక్క సాగి బీకాం పూర్తయింది.

అప్పుడే కరోనా వచ్చింది. ఒక రోజు సాంచాలు ఆగిపోయాయి. మా గల్లీలో పుట్టి పెరిగిన వాళ్లెవరికీ నిశ్శబ్దం అలవాటు లేదు. అందరూ పాత అలవాటు కొద్దీ అరుస్తూ మాట్లాడేవాళ్లు, దాంతో ఎవరింట్లో ఏ కూర వండారో, ఎవరు ఎవరిని తిట్టారో గల్లీ మొత్తానికీ తెలిసేది. బాపుకు నిద్ర పట్టేది కాదు. గడగడలాడే పాత ఫ్యానును నేను బాగు చేయిస్తానంటే వద్దన్నాడు, ఆ చప్పుడైనా ఉండనీ అన్నాడు. చాలామంది రైళ్లెక్కి కరీంనగర్ వైపు, సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. మాకు అక్కడ ఇల్లు గానీ పొలం గానీ లేవు, పోయినా ఎవరి గడప ఎక్కాలో తెలియదు, అందుకని ఉండిపోయాం. సేఠ్ గోధుమపిండి, నూనె పంపాడు. చపాతీలు తిని తిని బాపు అన్నం కోసం మొహం వాచిపోయాడు. ఆ మనిషి ఆ పిండి పంపకపోతే మా పొయ్యి వెలిగేది కాదు, ఇది నేను ఎప్పుడూ మరిచిపోలేదు. తర్వాత నేను ఆయనతో వాదించింది కూడా దాన్ని మరిచి కాదు.

సాంచాలు మళ్లీ మొదలయ్యాయి గానీ సగం కూడా నడవడం లేదు. సచిన్‌లో అంటే సూరత్ శివారు ఫ్యాక్టరీల పేటలో, ఒక పెద్ద కంపెనీ ఉంది. సేఠ్ లాంటి చిన్న ఖాతాల చేత గుడ్డ నేయించుకుని, రంగులద్ది, కుట్టించి విదేశాలకు పంపుతుంది. ఆ కంపెనీ పనే అప్పుడు సేఠ్‌కు ఆధారం. ఆ కంపెనీ ఆఫీసులోనే గుడ్డ తనిఖీ లెక్కలు చూసే ఉద్యోగం ఉందని కాలేజీ స్నేహితురాలు ఫోన్‌కు పంపింది. నేను డాబా ఎక్కి, సిగ్నల్ దొరికే నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని ఫోన్లోనే బయోడేటా తయారు చేశాను. పేరు, చదువు, భాషలు అన్నీ నింపాక ‘అనుభవం’ అన్న గడి వచ్చింది. లేనివాళ్లు ఫ్రెషర్ అని రాయాలట. ఆ మాట చూడగానే నాకు ఒళ్లు మండింది. నేనా ఫ్రెషర్‌ను? గుడ్డ మీద చేయి పెడితే తెగిన పోగు ఎక్కడుందో చెప్పగలను. కాంతి సేఠ్ ఖాతా పేరు రాసి, బోబిన్ చుట్టడం, గుడ్డ తనిఖీ, పదేళ్ల అనుభవం అని రాశాను. రాసి, చదువుకుని, మురిసిపోయి, పంపేశాను. కిందికి దిగి వచ్చి అవ్వకు కూడా చదివి వినిపించాను. “సక్కగ రాసినవ్ బిడ్డా” అన్నది అవ్వ.

మర్నాడు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, ఇంటర్వ్యూకు రమ్మని. సంతోషంతో కింద వరకూ చదివాను. అక్కడ చిన్న అక్షరాల్లో కంపెనీ నియమాలు ఉన్నాయి. మా కోసం గుడ్డ నేసే ఏ ఖాతాలోనూ పిల్లల చేత పని చేయించకూడదు, అలా చేయించిన ఖాతాకు పని ఆపేస్తాం అని ఉంది. పాత ఉద్యోగం అనుభవ పత్రం తెమ్మని దాని కిందే ఉంది. నేను బయోడేటా తెరిచి పుట్టిన తేదీ చూశాను. పక్కనే పదేళ్ల అనుభవం. ఇరవై రెండేళ్ల మనిషి పదేళ్లుగా పని చేస్తోందంటే ఎన్నో ఏట మొదలుపెట్టినట్టో ఎవరైనా లెక్క కడతారు. నేను రాసింది అబద్ధమైతే దిద్దుకోవచ్చు. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు, అందుకే అది తప్పయి కూర్చుంది. ఆ ఒక్క వాక్యం నా ఉద్యోగంతో పాటు సేఠ్ ఖాతాను, ఖాతాతో పాటు మా బాపు సాంచాను, గల్లీలో సగం ఇళ్లను ముంచగలదు.

బాపు పాళీ దిగి వచ్చేదాకా ఆగి చెప్పాను. ఆయన అన్నం సగంలోనే వదిలి గిన్నెలో చేయి కడిగేసుకున్నాడు.

“గలత్ పడ్డదని చెప్పరాదె,” అన్నాడు. “పది గాదు, మూడు అని చెప్పు. టైపింగ్ల తప్పైందంటే ఎవలేమంటరు?”

“తప్పు పడలేదు బాపు. నేను చేసిన.”

“చేసినవ్ గని గది నౌకరి అయితదా? గాడ నీ పేరున్నదా, పగారున్నదా?”

“పేరు లేకుంటె చేసిన పని చెయ్యనట్టైతదా?”

బాపు అరచేయి బోర్లించాడు. అవ్వ మాత్రం గోడకు ఆనుకుని కూర్చుంది. నాతో కాదు, గోడతో చెప్పుకుంటున్నట్టు అన్నది. “నేను పిల్లను పనికి తోలుకపోలే. ఇంట్ల ఒక్కదాన్ని ఇడిసిపెట్టలేక తోలుకపోయిన. గాళ్లు గిట్ల అనుకుంటరని నాకేం తెల్సు.” ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. అవ్వను తప్పుపట్టే కాగితం నేనే రాసి పంపానని అప్పుడు గాని తట్టలేదు.

పొద్దున్నే సేఠ్ దగ్గరికి వెళ్లాను. ఆయన హిందీలో, మధ్యమధ్య గుజరాతీలో మాట్లాడేవాడు, నేనూ అలాగే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. దేవుడి పటానికి అగరొత్తి తిప్పి, నా ఫోన్ చేతిలోకి తీసుకుని చదివి, కుర్చీలో కూర్చున్నాడు.

“ఇదేం చేశావు బేటా?” అన్నాడు నెమ్మదిగా. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. “వాళ్లు నాకు పని ఆపేస్తారు. సాంచాలు ఆగితే మీ బాపుది కూడా ఆగుతుంది. బెదిరించడం లేదు, జరగబోయేది చెబుతున్నాను. మూడేళ్లని పత్రం రాసిస్తాను. పది అని పొరపాటున పడిందని చెప్పు. అందరం బతుకుతాం.”

“ఆలోచించుకుంటాను సేఠ్‌జీ,” అని లేచాను. నిజానికి అప్పటికి నేను సగం ఒప్పుకున్నాను. మూడేళ్లంటే ఏం పోయింది, కడుపు నిండుతుంది కదా అనుకుంటూ బోబిన్ల మూల మీదుగా బయటికి నడిచాను. అక్కడ లచ్చవ్వ పెద్దమ్మ కూర్చుని ఉంది. ఆమె మాకు చుట్టం కాదు గానీ పుట్టినప్పటి నుంచీ పెద్దమ్మ అనే పిలిచాను. పక్కన ఆమె ఇద్దరు పిల్లలు. వాళ్ల వెనక ఇంకెవరివో ఇంకొందరు. బళ్లు మూసేశారు కదా, మా కాలంలో సాయంత్రం వచ్చే పిల్లలు ఇప్పుడు పొద్దుటి నుంచే కూర్చుంటున్నారు. లచ్చవ్వ కూతురు బోబిన్ల పెట్టెకు ఫోన్ ఆనించి పెట్టుకుంది. అందులో క్లాసు నడుస్తోంది. సాంచాల మోతలో ఏమీ వినపడదు. టీచరమ్మ పెదవులు కదులుతున్నాయి, ఆ పిల్ల పెదవులకేసి చూస్తూ దారం చుట్టుకుంటూ పోతోంది. నేను నిలబడిపోయాను. ఇంటర్వ్యూలో నా సంగతి ఎలాగో దాటేస్తాను. ఇప్పుడు అక్కడ పిల్లలున్నారా అని అడిగితే? లేరని ఆ మొహాలు గుర్తుండగా ఎలా చెప్పను? వెనక్కి తిరిగి మళ్లీ సేఠ్ గదిలోకి వెళ్లాను.

“సేఠ్‌జీ, నేను అక్కడ అబద్ధం చెప్పను. పదేళ్లు చేశానని చెబుతాను. ఇప్పుడు పిల్లలెవరూ లేరని కూడా చెబుతాను. ఈ రెండో మాట మీరు నిజం చేసి పెట్టండి. అది నిజం కాకపోతే నేను ఇంటర్వ్యూకే వెళ్లను, వాళ్లు లెక్క కట్టుకుని మీకే ఫోన్ చేస్తారు.”

ఆయన నా వైపు అలా చూస్తుండిపోయాడు. నేను బిస్కెట్ పుడ తీసుకున్న పిల్లనేనా అన్నట్టుంది ఆ చూపు. “పిల్లలను నేనేమైనా రమ్మన్నానా? వాళ్ల తల్లులు తెస్తున్నారు,” అన్నాడు. “వద్దని మీరు అనలేదు కదా,” అన్నాను. పైన గుడ్డ నిల్వ చేసే గది ఖాళీగా పడి ఉంది, అది ఇవ్వండి, పిల్లలు అక్కడ కూర్చుని ఫోన్లో చదువుకుంటారు, నేను చూసుకుంటాను అని చెప్పాను. భయం వల్ల ఒప్పుకున్నాడో, మనసు వచ్చి ఒప్పుకున్నాడో నేను తరచి చూడలేదు. తాళంచెవి ఇచ్చాడు, అది చాలు.

అసలు యుద్ధం ఆ తర్వాత మొదలైంది. పిల్లలను రేపటి నుంచి పైకి పంపండని నేను చెప్పగానే లచ్చవ్వ పెద్దమ్మ చేతిలో బోబిన్ పక్కన పెట్టి లేచి నిలబడ్డది.

“ఏమే రజితా, నీ నౌకరి కోసం మా పొట్ట మీద కొడ్తవా? పిల్లలు జర చేతులు కలిపితెనే బుట్ట నిండుతున్నది. నువ్వు గాడనే కూసోని సదువుకోలేదా? నీ చేతులేమన్న పడిపోయినయా?”

ఆమె చెప్పింది నిజమే, ఆ బుట్ట నిండకపోతే ఆ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. అక్కడ నిలబడి నీతులు చెబితే నన్ను నేనే కొట్టుకోవాలనిపించేది. “పిల్లల బదులు నేను కూసుంట పెద్దమ్మా. నౌకరి వచ్చేదాక నీ బుట్టల చుడ్త,” అన్నాను. ఆమె నమ్మలేదు గానీ పిల్లలను పంపింది. మర్నాడు పిల్లలు పైన పాఠాలు విన్నాక, మధ్యాహ్నం నేను వెళ్లి ఆమె పక్కన కూర్చుని వేలికి పేలిక చుట్టుకున్నాను. బీకాం చదివి బోబిన్లు చుడుతోందని గల్లీ అంతా నవ్వింది. కొందరు బాపుతో ముఖం మీదే అన్నారు. మిగతా ఆడవాళ్లు లచ్చవ్వను చూసి కొంత, సేఠ్ హుకుం విని కొంత, గొణుక్కుంటూనే పిల్లలను పంపారు. నాతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. బాపు కూడా మాటలు మానేశాడు, అన్నం పెట్టమనడానికి కూడా అవ్వ వైపు తిరిగి సైగ చేసేవాడు.

ఇంటర్వ్యూ రోజు అవ్వ నా జడ గట్టిగా అల్లింది, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు లాగా. సచిన్ బస్సులో సీటు వదిలి సీటు కూర్చోబెట్టారు. కంపెనీ గేటు దగ్గర నుదుటికి మిషన్ పెట్టి జ్వరం చూశారు. లోపల అద్దం పలక అవతల ఒక మేడమ్, నలభై దాటిన మనిషి, మాస్కు మీద కళ్లద్దాలు ఆవిరి పట్టి మాటిమాటికీ తుడుచుకుంటోంది. నా బయోడేటా చూసి నేరుగా ఆ గడికే వచ్చింది.

“పదేళ్లా? ఇది తప్పు పడిందా?”

“తప్పే మేడమ్. కానీ పది అన్న అంకె తప్పు కాదు. దాన్ని ఉద్యోగంలా రాయడం తప్పు. నాకు జీతం లేదు, పేరు లేదు. బడి అయ్యాక మా అవ్వ పక్కన కూర్చుని చేశాను. పని మాత్రం చేశాను, చేయలేదని చెప్పలేను.”

ఆమె కళ్లద్దాలు తీసేసింది. “అక్కడ ఇప్పుడు పిల్లలున్నారా?”

“లేరు.”

“ఎప్పటి నుంచి లేరు?”

ఈ ప్రశ్న వస్తుందని నేను ఊహించలేదు. “ఈ వారం నుంచి,” అన్నాను. “నేను రాసిన తప్పు నాకు కనపడ్డాకే. మీకు నమ్మకం లేకపోతే ఎవరినైనా పంపండి, చెప్పకుండానే పంపండి.”

“ఇంత చెప్పాల్సిన అవసరం మీకు లేదు,” అన్నదామె. “మీరు అడిగారు,” అన్నాను. వెళ్లవచ్చు అన్నది. బస్సులో వస్తూ ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పోతే పోనీ అనుకోలేదు, అంత పెద్ద మనసు నాకు లేదు, ఏడ్చాను కూడా. కానీ అదే ప్రశ్న మళ్లీ అడిగితే అదే చెబుతానని మాత్రం గట్టిగా అనిపించింది.

కంపెనీ మనిషి నిజంగానే చెప్పకుండా వచ్చాడు. నేను అప్పుడు బోబిన్ల దగ్గర ఉన్నాను. ఆయన మూలమూలా తిరిగి, మెట్లెక్కి పైగదికి వెళ్లాడు. పైన లచ్చవ్వ కూతురు ఎక్కాలు అరుస్తోంది, సాంచాల మోతను దాటేలా గట్టిగా చదవడం ఒక్కటే వాళ్లకు నేను పెట్టిన నియమం. సేఠ్ మొహం సున్నం కొట్టినట్టయింది. బాపు సాంచా దగ్గర నుంచి కదలకుండా నన్నే చూస్తున్నాడు. ఆ మనిషి దిగి వచ్చి, పనివాళ్లందరి పేర్లూ రిజిస్టరులో రాసి ఉంచాలని, పిల్లల గది తీసేయకూడదని సేఠ్‌తో చెప్పి వెళ్లిపోయాడు. పని ఆగలేదు. బాపు నా వైపు రెండు వేళ్లు తిప్పాడు. ఖాతా మధ్యలో రేడియో ఎక్కడ పెట్టను? సంతోషం చెప్పడానికి ఆయన దగ్గర వేరే సైగ లేదు మరి.

కొన్నాళ్లకు ఉద్యోగం కూడా వచ్చింది. మేడమే ఫోన్ చేసింది. చేరేటప్పుడు నింపే కాగితంలో వెనకటి అనుభవం దగ్గర ఏమీ లేదని రాయాలని, నియమం ప్రకారం అంతకు మించి కుదరదని ముందే చెప్పింది. నేను ఒప్పుకున్నాను. ఉద్యోగం కాదని నోటితో చెప్పింది నేనే కదా.

ఇప్పుడు నేను ఆ ఇంటర్వ్యూ బల్లకు అవతలి వైపు కూర్చుంటాను. సూరత్‌లో పుట్టిన మన పిల్లలు ఇప్పుడు బయోడేటాలు ఎంత నున్నగా రాస్తున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. రంగులు, గీతలు, మూడు భాషల్లో ధారాళంగా మాట్లాడగలమన్న వాక్యాలు. అనుభవం దగ్గర అందరూ ఫ్రెషర్లే. ఇంటి దగ్గర ఏం చేసేవాళ్లని అడిగితే ఖాళీగానే ఉన్నాం మేడమ్ అంటారు. కొందరి విషయంలో అది నిజం, అందుకు నేను సంతోషిస్తాను. మా కాలంలో ఒక్క పిల్లకూ దొరకని ఖాళీ అది. కొందరు మాత్రం ఆ మాట అంటూ చేతులు బల్ల కిందికి దించుకుంటారు. వాళ్లను ఇంకొంచెం సేపు కూర్చోబెట్టి మాట్లాడతాను. పిల్లలు పని చేయకూడదు, ఈ మాటలో నాకు రవ్వంత అనుమానం లేదు. కానీ చేసిన పిల్ల దాన్ని దాచుకుని సిగ్గుపడాల్సిన పరిస్థితి నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

అప్పట్లో నేను ఉద్యోగంలో చేరడానికి ముందు రోజు ఆ కాగితం ఇంట్లో నింపుతుంటే అవ్వ పక్కన కూర్చుని అడిగి అడిగి చదివించుకున్నది. అనుభవం దగ్గర ఏమీ లేదని రాస్తున్నానని చెప్పాను.

“మరి గా ఏండ్లన్ని ఏడ వాయెనే?” అన్నది.

“నీ లెక్కల వడ్డయవ్వా. నేను చుట్టినయన్ని నీ బుట్టలనే గద వేసిన.”

అవ్వ నవ్వింది. “నా లెక్క ఏడున్నది బిడ్డా? బోబిన్లయి మీ బాపు పేరు మీదనే రాస్తరు. మా అందరియి మొగోళ్ల పేర్ల మీదనే. మొన్న రాసిన రిజిస్టర్ల గూడ గట్లనే రాసిండ్రు.” ఏ బాధా లేకుండా, పప్పులో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అని, లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. పొద్దున్నే ఉద్యోగానికి పోయే బట్టల్లోనే సేఠ్ గదికి వెళ్లాను. ఆయన నన్ను చూసి నవ్వాడు, మా మధ్య కోపాలు అప్పటికి చల్లారిపోయాయి. “సర్టిఫికెట్ కావాలా? మూడేళ్లని రాయనా?” అని ఆటపట్టించాడు.

“నాకు కాదు సేఠ్‌జీ. మా అవ్వకు. ఇరవై ఏళ్లని రాయండి. రిజిస్టరులో కూడా ఆమె పేరు మీదే రాయండి.”

ఆయన నవ్వు ఆపి, కాసేపు బల్ల వైపు చూసి, సొరుగులోంచి ఖాతా పేరున్న కాగితం తీశాడు. తేదీ వేశాడు. కలం కాగితం మీద ఆనించి, అక్కడే ఆగి, తల ఎత్తి నా వైపు చూశాడు.

“మీ అవ్వ పేరేంటి బేటా?”

“కనకవ్వ,” అన్నాను. ఆయన పూర్తిగా రాసేదాకా అక్కడే నిలబడ్డాను.